పక్కింట్లో కార్డు ఇచ్చి, ఆడబిడ్డ గడప తొక్కకుండా వచ్చాం

ప్రశ్న

హన్మకొండ నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. గుర్తుపట్టే వివరాలు తీసేసి సారాంశం ఇస్తున్నాం.

ఆమెకు 48 ఏళ్లు. భర్త ప్రభుత్వ ఉద్యోగి. ఎనభై దాటిన అత్తమ్మ వీళ్ల దగ్గరే ఉంటారు. మొన్న ఫాల్గుణంలో కూతురి పెళ్లి చేశారు. ముహూర్తానికి మూడు వారాలే టైం దొరకడంతో, ముందు కార్డును కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెట్టి, దగ్గరివాళ్లకు మాత్రం ఇళ్లకు పోయి బొట్టు పెట్టి చెప్పాలనుకున్నారు. భర్తకు ఒక్కతే అక్క, జమ్మికుంటలో ఉంటారు. "వదినె మన మనిషే కదా, చివర్లో పోయినా ఏమీ అనుకోదు" అని ఆమె పేరు లిస్టులో చివర్న పెట్టుకున్నారు.

ఈలోపు భర్త పాత కొలీగ్ ఒకాయనను పిలవడానికి జమ్మికుంట వెళ్లారు. ఆయన ఇల్లు వదినె ఇంటికి రెండిళ్ల అవతలే. అక్కడ ఇంటావిడకు బొట్టు పెట్టి, కార్డు ఇచ్చి, టీలూ మాటలూ అయ్యేసరికి రాత్రి పది దాటింది. వదినె ఇంట్లో లైటు వెలుగుతూనే ఉంది. "ఐదు నిమిషాలు ఆగి చెప్పి పోదాం" అని ఈమె అంటే, భర్త "ఇంత రాత్రి తలుపు కొడితే మర్యాదగా ఉండదు, ఆదివారం తీరిగ్గా వద్దాం" అన్నారు. ఆ ఆదివారం ఫంక్షన్ హాలు, వంటవాళ్ల పనులతోనే గడిచిపోయింది. మధ్యలో వదినె ఏదో పని మీద ఆ కొలీగ్ ఇంటికి వెళ్తే, టీవీ పక్కన నాలుగు మూలలా పసుపు రాసిన కార్డు కనిపించింది.

వదినె సరిగ్గా ముహూర్తం టైముకు వచ్చారు. అక్షింతలు వేశారు, కట్నం రాయించారు, మంచినీళ్లు కూడా ముట్టకుండా వెళ్లిపోయారు. ఆడబిడ్డలందరికీ బొట్టు పెట్టి చీరలు పెడుతున్నప్పుడు ఈమె తీరిక లేక, వదినె చీరను కవర్లో పెట్టి కొడుకు చేతికిచ్చి పంపారు. ఆ కవర్‌ను వదినె కుర్చీ మీదే వదిలేసి పోయారు. "అన్నయ్యగారు పోయి రెండేళ్లు అవుతోంది, అప్పటినుంచే ఆమె కాస్త ముభావంగా ఉంటున్నారు" అని ఉత్తరంలో ఒక వాక్యం ఉంది.

ఇప్పుడు ఆ వదినె కొడుకు పెళ్లి, కార్తీకంలో. కార్డు వాట్సాప్ గ్రూపులో వచ్చింది. ఫోన్ లేదు, మనిషి రాలేదు. "నన్ను పిలవని పెళ్లికి నేనెందుకు పోవాలె?" అని భర్త భీష్మించుకుని కూర్చున్నారు. అత్తమ్మ సరిగా తినడం లేదు. చుట్టాలేమో "కోడలే పోనియ్యలేదట" అంటున్నారు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే కూతురు ఫోన్లో "డేట్, టైం, లొకేషన్ అన్నీ గ్రూపులో ఉన్నయి కద, ఇంక బొట్టెందుకు? ఇదంతా ఈగో మమ్మీ" అంటోంది.

ఆమె అడిగినవి: పెళ్లికి పోవాలా, వద్దా? పోతే క్షమాపణ అడగాలా? ఆ రాత్రి ఆగకుండా వచ్చింది నా వల్ల కాదు, ఆయన వల్ల అని వదినెకు చెప్పొచ్చా? కట్నం ఎంత రాయించాలి? అసలు ఈ మర్యాదలన్నీ ఎవరికి కావాలి?

సమాధానం

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువసేపు ఆపింది మీ వారి మాట: "ఇంత రాత్రి తలుపు కొడితే మర్యాదగా ఉండదు." కొలీగ్ ఇంటి విషయంలో అది నూటికి నూరుపాళ్లు నిజం. రాత్రి పది తర్వాత పోకూడదు, పోయేముందు ఫోన్ చేయాలి, పోయినా ఎక్కువసేపు కూర్చోకూడదు. అక్క ఇంటికి ఆ లెక్క లేదు. లైటు వెలుగుతున్న అక్క ఇంటి ముందు నుంచి పలకరించకుండా పోవడమే తప్పు. తలుపు కొడితే "ఇప్పుడా వచ్చేది? తిన్నరా లేదా?" అని నాలుగు తిట్టి, స్టవ్ వెలిగించి ఉండేవారు. పరాయివాళ్ల దగ్గర పాటించాల్సిన దూరాన్ని మీ వారు అక్క దగ్గర పాటించారు. అక్కకు అందాల్సిన మొదటి పిలుపేమో పరాయివాళ్లకు అందింది. ఇందులో చెడు ఉద్దేశం ఏమీ లేదు. చుట్టాల మధ్య తగువులు చాలావరకు ఇలాగే పుడతాయి. ఇద్దరికీ మర్యాద తెలుసు. ఒకరికి చేయాల్సింది ఇంకొకరికి చేసి కూర్చుంటారు.

ఇక వదినె వైపు నుంచి చూద్దాం. పెళ్లి తేదీ ఆమెకు తెలుసు. గ్రూపులో చూసే ఉంటారు, తల్లి నోట వినే ఉంటారు. కబురు అందలేదన్న కోపం కాదిది. కొలీగ్ ఇంట్లో ఆ కార్డు కనిపించినప్పుడు ఆ ఇంటావిడ మామూలుగానే అడిగి ఉంటారు, "మొన్న రాత్రి మీ తమ్ముడోళ్లు వచ్చిపోయిన్రు, మీ ఇంట్లనే పండుకున్నరా?" అని. అప్పుడు వదినె ఏమని ఉంటారో ఒక్కసారి ఆలోచించండి. రాలేదంటే పరువు తక్కువ. వచ్చారంటే అబద్ధం. ఆ ఇంటి నుంచి తన ఇంటికి నడిచిన రెండిళ్ల దూరంలోనే ఈ గొడవంతా తయారైంది. ఎవరూ చూడని చోట జరిగిన చిన్నచూపును మనిషి మింగేస్తాడు. పక్కింటివాళ్ల ఎదుట జరిగినదాన్ని మింగడం కష్టం.

అయినా ఆమె పెళ్లికి వచ్చారు, అది గమనించండి. మేనత్తగా పిల్ల మీద వేయాల్సిన అక్షింతలు వేశారు, రాయించాల్సిన కట్నం రాయించారు. మీ ఇంటి అన్నం మీద మాత్రం అలిగారు. మన దగ్గర అలకకు కూడా ఒక పద్ధతి ఉంది. పూర్తిగా తెంచుకోదలచిన మనిషి అలగదు, అసలు రాదు.

మీరు ఒక్క వాక్యంలో రాసి దాటేసిన సంగతి దగ్గర నేను దాటలేకపోతున్నాను. ఆమె భర్త పోయి రెండేళ్లు. బొట్టు పెట్టి పిలవడమనే ఈ అందమైన మర్యాదలో ఒక ముల్లు ఉంది. ముత్తైదువలకు బొట్టు పెట్టుకుంటూ వచ్చిన చేయి, భర్త పోయిన మనిషి దగ్గరకు వచ్చేసరికి ఆగుతుంది. ఆమెను నోటితో పిలిచి పక్కవాళ్ల దగ్గరకు జరుగుతారు. కొందరైతే "ఆమెకు ఫోన్ చేస్తే సరిపోతదిలే" అనుకుంటారు. మీరు అలా అనుకోలేదని నాకు అర్థమైంది. టైం చిక్కలేదు, అంతే. కానీ ఈ రెండేళ్లలో తనను దాటిపోయిన కుంకుమ భరిణెలను ఎన్నింటిని చూశారో ఆ మనిషి. ఇప్పుడు సొంత తమ్ముడు వీధి దాకా వచ్చి, రెండిళ్ల అవతల బొట్టు పెట్టి, తన గడప తొక్కకుండా పోయాడు. ఆ తర్వాత ఫంక్షన్ హాల్లో అందరికీ బొట్టు, చేతికి చీర. ఆమెకు కవరు, అదీ పిల్లాడి చేత. మీకు ఆ రోజు ఊపిరి తీసుకునే తీరిక లేదు, నిజమే. ఆమె కూర్చున్న కుర్చీలోంచి చూస్తే మీ హడావుడి కనిపించదు. బొట్టు పెట్టించుకుంటున్నవాళ్లు కనిపిస్తారు.

ఇంకో మాట. ఇప్పుడు ఆమె ఇంట్లో జరగబోయేది కొడుకు పెళ్లి. పీటల మీద తల్లిదండ్రుల చోట ఎవరు కూర్చోవాలన్న చర్చ ఈపాటికి మొదలై ఉంటుంది. మామూలుగా పెదనాన్న దంపతులో, బాబాయి దంపతులో కూర్చుంటారు. కని పెంచిన తల్లి వెనక నిలబడుతుంది. ఆ దిగులు ఆమె ఎవరితోనూ చెప్పుకోలేరు, చెప్పుకుంటే "ఆచారం గదా" అంటారు. దాని పక్కన మీ కార్డు గొడవ చాలా చిన్నది. కాకపోతే పైకి చెప్పుకోగలిగిన కోపం ఇదొక్కటే. కాబట్టి ఆమె ముభావంలో మీ వాటా ఎంతో అంతే మీ మీద వేసుకోండి, మొత్తం నెత్తిన పెట్టుకోకండి.

మీ అమ్మాయి ప్రశ్నను తేలిగ్గా తీసేయకండి. మర్యాద పేరుతో మనుషుల్ని వంచిన చరిత్ర మన నేలది. దొర గడీ ముందు నుంచి పోయేటప్పుడు చెప్పులు చేత పట్టుకుని నడవడం, "నీ బాంచెన్ కాల్మొక్త" అనడం, అవన్నీ ఆ రోజుల్లో మర్యాద కిందే లెక్క. 1946 నుంచి 1951 దాకా నడిచిన తెలంగాణ సాయుధ పోరాటం భూమి కోసం, వెట్టి పోవడం కోసం జరిగింది. ఆ వంగిన నడుములు నిలబడడమూ అందులో భాగమే. అందుకని "ఇది ఎవరు పెట్టిన పద్ధతి, ఎందుకు పాటించాలి?" అని ఈ కాలం పిల్ల అడిగితే సంతోషపడాలి.

ఆమెకు నేను చెప్పేది ఇది. ఒక మర్యాదను నిలుపుకోవాలా వదిలేయాలా అని తేల్చుకోవడానికి, అందులో ఎవరు ఎవరికి వంగుతున్నారో చూస్తే చాలు. గడీ ముందు ఎప్పుడూ ఒక్కరే వంగారు. ఇంటికి పోయి పిలవడంలో అలా లేదు. ఈ ఏడాది మీరు వదినె గడపకు పోతారు, వచ్చే ఏడాది వదినె మీ గడపకు వస్తారు. వంతులు మారుతుంటాయి, ఎవరూ చిన్నకారు. బొట్టు పెట్టడంలో భర్త పోయినవాళ్లను దాటేయడం మాత్రం గడీ తరహాదే. అక్కడ వంగేది ఎప్పుడూ ఒకవైపు మనిషే. దాన్ని వదిలేస్తే పోయేదేమీ లేదు. పసుపు కుంకుమలు పుట్టింటి నుంచి వచ్చినవి, భర్తతో వచ్చినవి కావు, ఆయనతో పోయేవీ కావు అని చెప్పే పెద్దవాళ్లు మన ఇళ్లలో ఉన్నారు. మీ అత్తమ్మను అడిగి చూడండి, సొంత కూతురి విషయం కదా, ఏమంటారో.

వాట్సాప్ గురించి కూడా ఒక మాట. మూడు నాలుగు వందల ఇళ్లకు కార్డు పట్టుకుని తిరగడం ఇప్పుడు కుదరదు, తిరగాలని పట్టుబట్టేవాళ్ల మీద నాకు పెద్దగా గౌరవం కూడా లేదు. ఆఫీసువాళ్లకు, చదువుకున్నప్పటి స్నేహితులకు, దూరపు చుట్టాలకు ఫోన్లో కార్డు పంపి, ఒక్క ఫోన్ చేస్తే చాలు. ఇంటి ఆడబిడ్డలు, మేనమామలు, వియ్యంకులు, ఇంటి పెద్దలు, ఈ పది పదిహేను గడపలకు మాత్రం కాళ్లరిగినా పోవాలి. అవతలివాళ్లకు తేదీ ఫోన్లోనే తెలుస్తుంది. నా కోసం పని మానుకుని వచ్చారన్న సంగతి మాత్రం మనిషి వస్తేనే తెలుస్తుంది. గ్రూపులో కార్డు పెట్టి ఊరుకుంటే కొలీగ్, అక్క ఒకే వరుసలో కూర్చుంటారు. మీ ఇంట్లో అంతకన్నా ఘోరం జరిగింది, కొలీగ్ ముందు వరుసలోకి వచ్చారు.

ఇప్పుడు మీ వారి కోపం సంగతి. గ్రూపులో ఆ కార్డు పెట్టింది ఎవరు? వదినె పెట్టారని మీరు రాయలేదు. ఈ రోజుల్లో పెళ్లికొడుకే డిజైన్ చేయించి, వచ్చిన నిమిషంలోనే గ్రూపులో పడేస్తాడు. పైగా కార్తీకంలో పెళ్లంటే ఇంకా నెలన్నర పైనే ఉంది. ఇల్లిల్లూ తిరిగి పిలిచే రోజులు ఇంకా రానేలేదు. పిలవలేదని ఇప్పుడే తీర్పు చెప్పేస్తే తొందరపడ్డట్టే. ఇంకోటి, ఆయన పెళ్లికొడుక్కి మేనమామ. తండ్రి లేని పిల్లవాడి పెళ్లిలో మేనమామ తెచ్చే బట్టలు, ఆయన పక్కన నిలబడడం ఆ తల్లికి ఎంత కావాలో ఆయనకు వేరే చెప్పాలా? ఆమె వద్దనుకుంటున్నారని నాకు అనిపించడం లేదు. ఎదురుచూస్తున్నారని అనిపిస్తోంది. అడగడానికి అభిమానం అడ్డం వస్తోంది.

మీ ముందు ఉన్న దారులు చూద్దాం.

పోకుండా ఉండడం ఒక దారి. దాన్ని నేను కొట్టిపారేయను. పిలుపు లేని చోటికి పోకపోవడం తప్పని ఎవరూ అనలేరు. "మంచికి పిలిస్తే పోవాలె, చెడుకు పిలవకున్నా పోవాలె" అనే మాట మీ వారికి అనుకూలంగానే ఉంది. కానీ మేనమామ లేని పెళ్లిని నలుగురూ గుర్తుపెట్టుకుంటారు. ఫొటోల్లో ఆయన చోట ఇంకెవరో ఉంటారు. ఆ తర్వాత మళ్లీ కలవాలంటే ఏదో ఒక చెడు జరగాలి. ఆ సామెతలో రెండో సగం అప్పుడు పనికొస్తుంది. మీ అత్తమ్మ వయసు చూస్తే ఆ చెడు ఏమిటో మీకూ తెలుసు. తల్లి మంచం పక్కన మొదటిసారి మాట్లాడుకునే అక్కాతమ్ముళ్లను చూస్తూనే ఉంటాం.

రెండోది, పెళ్లి రోజు నేరుగా పోయి, అక్షింతలు వేసి, కట్నం రాయించి, తిని రావడం. ఆమె చేసినట్టే, కాస్త మెరుగ్గా. దీనివల్ల సంబంధం తెగదు, అతకదు. చుట్టాల నోళ్లు మూతపడతాయి. మీ వారి అభిమానం కూడా దెబ్బతినదు. ఇంతకంటే చేయడానికి ఇంట్లో ఒప్పుకోకపోతే ఇదైనా చేయండి. అయితే మేనమామ అతిథిలా వచ్చి పోయాడన్న మాట ఉంటుంది, దాన్ని భరించాలి.

ఆమె వచ్చి పిలిచేదాకా ఆగడం ఇంకో దారి. ఆమె రావచ్చు కూడా. కానీ అప్పుడు తప్పు చేసింది మీరు, మెట్టు దిగింది ఆమె అవుతుంది. పెళ్లి పనుల మధ్య, భర్త లేని మనిషి, మీ గడపకు వచ్చి పిలిచాక మీ వారు గెలిచినట్టు ఉంటుందేమో గానీ మీకు ఆ రోజు అన్నం సయించదు.

నాకైతే ముందే పోవడం మంచిదనిపిస్తోంది. పెళ్లి మాట ఎత్తకుండా, పండుగ పేరుతో. రోజులు కలిసొస్తున్నాయి. మొదటి రోజు ఎంగిలిపూల బతుకమ్మకు వేయి స్తంభాల గుడి దగ్గర, చివరి రోజు సద్దుల నాడు పద్మాక్షి గుట్ట దగ్గర ఆడవాళ్లతో నేల ఈనినట్టు ఉంటుంది. బతుకమ్మకు ఆడబిడ్డను పుట్టింటికి తోలుకురావడం అన్నదమ్ముల పని. అత్తమ్మ మీ దగ్గరే ఉన్నారంటే వదినెకు పుట్టిల్లు మీ ఇల్లే. తమ్ముడు వచ్చి "అక్కా, పండుగకు ఇంటికి పోదాం పా, అమ్మ చూస్తాంది" అంటే, ఆ పిలుపుకు ఏ కార్డూ సాటిరాదు. ఆమె రావచ్చు, పెళ్లి పనులున్నాయని రాకపోవచ్చు. రాకపోయినా మీ వారు ఆమె గడప తొక్కిన సంగతి మిగులుతుంది. కొలీగ్ ఇంటివాళ్లు కూడా చూస్తారు. వాళ్ల కంట పడడం కూడా ముఖ్యమే, ఎందుకంటే ఆమె పరువు పోయింది వాళ్ల ముందే. మీ వారి స్కూటరో కారో పట్టపగలు అక్క ఇంటి ముందు రెండు మూడు గంటలు ఆగి ఉండాలి. రాత్రి చీకట్లో పోయి రాకండి.

అదీ కుదరకపోతే దసరా ఉంది. ఆ సాయంత్రం చిన్నవాళ్లు పెద్దవాళ్ల ఇంటికి పోయి, జమ్మి ఆకును బంగారమని చేతిలో పెట్టి, కాళ్లు మొక్కుతారు. ఏడాదంతా మాటల్లేనివాళ్లు కూడా ఆ రోజు జమ్మి పెడితే వద్దనరు. రాజకీయాల్లో బద్ధ విరోధులను కూడా బండారు దత్తాత్రేయ 2005 నుంచి దసరా మరునాడు హైదరాబాద్‌లో అలయ్ బలయ్ పేరుతో ఒక పందిట్లోకి పిలుస్తున్నారంటే ఆ పండుగ బలం మీదే. తమ్ముడు అక్క కాళ్లు మొక్కడానికి కారణం చెప్పనక్కర్లేని రోజు ఏడాదికి అదొక్కటే. అభిమానం ఎక్కువున్న మగవాళ్లకు అది బాగా పనికొస్తుంది. పైగా మీ కూతురూ అల్లుడూ పెళ్లయ్యాక వచ్చే మొదటి దసరాకు మీ ఇంటికి వస్తారు కదా. వాళ్లనూ వెంట తీసుకుపోండి. మేనత్త కొత్త జంటను ఊరికే పంపరు.

మీ వారు ఎంతకీ కదలకపోతే? మీరూ అత్తమ్మా పోవచ్చు. కాజీపేటలో రైలెక్కితే జమ్మికుంట ఎంతో దూరం లేదు, కానీ ఆ వయసు మనిషికి కారే నయం. తల్లి ఏడిస్తే కూతురు కరిగిపోతుంది, అది ఖాయం. అయితే ఆ కరగడం తల్లి కోసమే అవుతుంది. మీతో లెక్క అలాగే ఉంటుంది. "తమ్ముడేడి?" అని ఆమె అడుగుతారు, దానికి జవాబు ముందే అనుకుని పోండి. "ఆయన మొహం చెల్లక రాలేదు" అనేది చాలావరకు నిజం, అవమానమూ కాదు.

పోయాక ఏం మాట్లాడాలో రాస్తాను, మీకు నచ్చినట్టు మార్చుకోండి. "అక్కా, ఆ రోజు నీ ఇంటి ముందు దాకా వచ్చి లోపలికి రాకుండా పోయినం. అది తప్పే." అక్కడితో ఆపాలి. "కానీ టైం లేకుండె" అనే మాట కలిస్తే మొదటి రెండు వాక్యాలూ వృథా. "నువ్వు కూడా గ్రూపులనే పెట్టినవ్ కద" అంటే మళ్లీ మొదటికి వస్తారు. ఆమె నాలుగు మాటలు అంటారు, పాతవి కూడా తవ్వుతారు. అననివ్వండి. చాయ్ ఇస్తే తాగండి, అన్నం పెడితే కడుపునిండా తినండి. మీ ఇంట్లో తినకుండా పోయిన మనిషి చేత్తో వడ్డిస్తున్నారంటే ఆమె చేయాల్సింది చేసేసినట్టే, ఇంకేమీ చెప్పించుకోకండి.

చీర విషయంలో జాగ్రత్త. ఆమె వదిలేసి పోయిన చీరను మళ్లీ తీసుకుపోకండి, దాన్ని చూడగానే ఆ రోజే గుర్తొస్తుంది. అంతకన్నా బాగా ఖరీదైనదీ వద్దు, డబ్బుతో సరిచేస్తున్నారనిపిస్తుంది. ఆమె కట్టుకునే రకం చీర ఒకటి తీసుకుని, కూర్చోబెట్టి, మీరే బొట్టు పెట్టి, రెండు చేతులా ఇవ్వండి. ఆమె బొట్టుకు వెనక్కి జరిగితే బలవంతం చేయకండి. ఇష్టం లేని మనిషికి గౌరవం పేరుతో ఏదీ అంటగట్టకూడదు. అప్పుడు చీర చేతిలో పెట్టి కాళ్లు మొక్కండి, సరిపోతుంది.

ఆ రాత్రి ఆగుదామన్నది మీరు, వద్దన్నది ఆయన, ఈ నిజం చెప్పాలా అని అడిగారు. మీ మీద పడ్డ నింద అన్యాయమైనదే. ఆయన అక్క, ఆయన నిర్ణయం, మాట మాత్రం "కోడలు పోనియ్యలేదు" అని మీకు తగులుతోంది. మన ఇళ్లలో పుట్టింటివాళ్ల మర్యాద లోపాలన్నీ కోడలి ఖాతాలోనే రాస్తారు. అయినా ఆ మాట మీ నోటి నుంచి వస్తే, "తమ్ముని మీద చెప్తాంది" అని వింటారు, మీ నిజం చాడీ అవుతుంది. అదే మాట మీ వారు అంటే ఒక్క వాక్యంతో తేలిపోతుంది: "ఆమె ఆగుదామన్నది అక్కా, నేనే వద్దన్న." ఈ వాక్యం ఆయన చేత చెప్పించడం మీ హక్కు. జమ్మికుంట పోయేముందు ఇంట్లో ఆయనతో మాట్లాడి ఒప్పించండి. ఆయన ఒప్పుకోకపోతే, మీరు మౌనంగా మోయడమా, అత్తమ్మ చేత చెప్పించడమా అన్నది మీ ఓపికను బట్టి తేల్చుకోవాలి. ఎనభై ఏళ్ల తల్లి చెబితే అది చాడీ అనిపించుకోదు.

పీటల సంగతి మీరు ఎత్తకండి, అది వాళ్ల ఇంటి విషయం. ఆమె తనంతట తాను చెప్పుకుంటే వినండి. తల్లి కూర్చోవాలని కొడుకే పట్టుబడితే మేనమామ పక్కన నిలబడి "కూర్చో అక్కా" అనగలడు, ఆ మాట ఆయన అంటే బరువుంటుంది.

కట్నం ఎంత రాయించాలన్నారు. మీ పుస్తకంలో ఆమె పేరు ముందు 5,116 ఉందని రాశారు. ఈ పదహార్ల లెక్క నిజాం రోజుల నుంచి వచ్చిందని పెద్దలు అంటారు. అప్పుడు వంద బ్రిటిష్ రూపాయలు కావాలంటే 116 నిజాం హాలీ రూపాయల పైచిలుకు ఇవ్వాల్సి వచ్చేది, తక్కువ పడకుండా ఇవ్వడం అలా అలవాటైందట. మీరు సరిగ్గా 5,116 రాయిస్తే బాకీ తీర్చుకున్నట్టు ఉంటుంది. పదివేలు దాటిస్తే ఆమెకు మళ్లీ తీర్చాల్సిన బరువు పెట్టినట్టు ఉంటుంది. 6,116 రాయించండి. మేనమామ బట్టలు ఆ లెక్కలో కలపకండి, అవి వేరే.